హద్దు, లెక్క, వాటా: వాతావరణ మార్పుకు నిలకడైన సమాధానం

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య అని తెలుగువారి సామెత. భూతాపాన్ని అరికట్టే విషయంలో గడచిన మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వాలు, పెద్ద వ్యాపార సంస్థలు చేసిన వాగ్దానాలలో అధిక భాగానికి ఈ సామెత అతికినట్లు సరిపోతుంది. 1992లో రియో డి జనీరోలోను, 1997లో క్యోటోలోను, 2015లో పారిస్‌లోను దేశాలు ప్రతినలు పూనాయి. సభలు ముగిసిన తరువాత, ఎన్నికలు వచ్చిన తరువాత, లాభాలు తగ్గిన తరువాత వాటిలో అనేకం పలుచబడ్డాయి. 1958లో ఛార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతంపై కొలత ప్రారంభించిననాడు గాలిలో పది లక్షల వంతులకు సుమారు 315 వంతులున్న కార్బన్ డయాక్సైడ్, అనగా బొగ్గుపులుసు వాయువు, 2024 నాటికి 420 వంతులు దాటింది. పారిశ్రామిక యుగానికి పూర్వమున్న ఉష్ణోగ్రతను 1.5 డిగ్రీల సెల్సియస్‌కు పైగా మించిన తొలి సంవత్సరం 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది.

ఈ పరిస్థితికి కారణం అజ్ఞానం కాదు. బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు స్వాంటే అరీనియస్ 1896లోనే లెక్క కట్టి చూపించాడు. తగిన సాధనాలు లేకపోవడమూ కారణం కాదు. సూర్యరశ్మి నుంచి, గాలి నుంచి విద్యుత్తును చౌకగా తీయగల పరిజ్ఞానం నేడు చేతికి అంది ఉన్నది. కొరవడినది నిలకడ. పర్యావరణ చర్చలలో ఈ మాటను సాధారణంగా ప్రకృతికి వర్తింపజేస్తారు. రేపటి తరానికి లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమని దానికి అర్థం చెబుతారు. అయితే నిర్ణయానికి కూడ నిలకడ కావాలి. ప్రభుత్వం మారినా చెరగని చట్టం, అధ్యక్షుడు మారినా సంస్థ వదలని లక్ష్యం, ధర పెరిగినా ప్రజలు తిరగబడని విధానం లేనినాడు ఎంత ఉదాత్తమైన పథకమైనా ఒక ఎన్నికల కాలం మాత్రమే బ్రతుకుతుంది.

ఏ నిర్ణయాలు నిలిచాయి, ఏవి కూలాయి అని గడచిన నలభై సంవత్సరాల చరిత్రను పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. నిలిచిన వాటికి మూడు లక్షణాలున్నాయి. మొదటిది, చట్టం విధించిన హద్దు. రెండవది, ఎవరూ మార్చలేని లెక్క. మూడవది, భారంలోను లాభంలోను న్యాయమైన వాటా. ఈ మూడింటిలో ఏది లోపించినా కట్టడం కుంగిపోయింది.

హద్దు: ఓజోను పొర నేర్పిన పాఠం

1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఒక హెచ్చరిక చేశారు. రిఫ్రిజిరేటర్లలోను, ఎయిర్ కండిషనర్లలోను, పిచికారీ డబ్బాలలోను వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఆకాశంలో పైకి చేరి, ప్రాణికోటిని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే ఓజోను పొరను హరిస్తాయని వారు చెప్పారు. మరుసటి సంవత్సరమే, 1975లో, భారతదేశం నుంచి అమెరికాకు వచ్చిన శాస్త్రజ్ఞుడు వీరభద్రన్ రామనాథన్, ఇవే వాయువులు భూతాపాన్ని కూడ తీవ్రంగా పెంచుతాయని నిరూపించారు. పరిశ్రమ వెంటనే ఒప్పుకోలేదు. రుజువు చాలదని పదేళ్ళకు పైగా వాదించింది. 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అంటార్కిటికాపై ఓజోను పొర విపరీతంగా పలుచబడినట్లు ప్రకటించిన తరువాతనే ప్రపంచం మేల్కొన్నది.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరంలో ఒప్పందం కుదిరింది. ఏ వాయువును ఏ సంవత్సరం నాటికి ఎంత తగ్గించాలో అందులో అంకెలతో సహా నిర్దేశించారు. ఆ తరువాత జరిగిన పరిణామం గమనించదగినది. ఆ వాయువుల ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉన్న డూపాంట్ సంస్థ 1988లో వాటి తయారీని విరమిస్తామని ప్రకటించింది. ఎలక్ట్రానిక్ పలకలను శుభ్రపరచడానికి ఆ ద్రావకాలు లేనిదే జరగదని అంతవరకు చెబుతూ వచ్చిన పరిశ్రమలు కొద్ది సంవత్సరాలలోనే నీటితో కడిగే పద్ధతులను, అసలు కడగవలసిన అవసరమే లేని అతుకు పద్ధతులను కనుగొన్నాయి. సాధ్యం కాదని చెప్పిన ఇంజనీర్లే హద్దు ఖాయమైన తరువాత సాధ్యం చేసి చూపించారు. పోటీ సంస్థకు కూడ అదే నియమం వర్తిస్తుందని తెలిసినప్పుడు మారడానికి ఏ సంస్థా జంకదు.

నేడు ఓజోను పొరకు హాని చేసే పదార్థాలలో దాదాపు 99 శాతం వాడుక నుంచి తొలగిపోయాయి. ప్రపంచంలో అధిక భాగంపై ఆ పొర 2040 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని, అంటార్కిటికాపై 2066 ప్రాంతానికి కోలుకుంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. వాటి స్థానంలో వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు ఓజోనుకు హాని చేయకపోయినా భూతాపాన్ని పెంచుతాయి గనుక, 2016లో రువాండా రాజధాని కిగాలీలో సమావేశమైన దేశాలు వాటికి కూడ హద్దులు నిర్ణయించాయి. ముప్ఫై ఏళ్ళ నాటి ఒప్పందం కొత్త సమస్యకు పనికి వచ్చిందంటే దాని పునాది ఎంత గట్టిదో తెలుస్తుంది.

దీనితో పోల్చి చూడవలసిన ఉదాహరణ మరొకటి ఉన్నది. హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ సంస్థ, తాను వెలువరించే దానికంటె ఎక్కువ కర్బనాన్ని 2030 నాటికి గాలి నుంచి తొలగిస్తామని 2020లో ప్రతిజ్ఞ చేసింది. అంతకు ముందే, 2012 నుంచి, తన విభాగాల మీద తానే కర్బన రుసుము విధించుకున్నది. ఇవి మెచ్చదగిన పనులు. అయినా కృత్రిమ మేధ కోసం, కంప్యూటర్ సమాచార కేంద్రాల కోసం జరిగిన నిర్మాణం వల్ల సంస్థ కర్బన ఉద్గారాలు 2020తో పోలిస్తే 2023 నాటికి సుమారు 29 శాతం పెరిగాయని 2024లో సంస్థయే వెల్లడించింది. ఉన్న సంగతి దాచకుండా చెప్పినందుకు ఆ సంస్థను అభినందించాలి. కాని తనకు తాను గీసుకున్న గీతను దాటినవారికి జరిమానా ఉండదు. సద్బుద్ధి గల సంస్థ పరిస్థితే ఇది. సద్బుద్ధి లేని సంస్థ సంగతి వేరే చెప్పనక్కరలేదు. స్వచ్ఛంద ప్రతిజ్ఞ చట్టానికి తోడుగా ఉండవచ్చు గాని దానికి బదులు కాజాలదు.

లెక్క: గొట్టానికి తగిలించిన కొలత

హద్దు గీస్తే చాలదు. దాన్ని ఎవరైనా దాటారో లేదో తెలియాలి. ఈ విషయంలో అమెరికా తన సొంత చరిత్ర నుంచే నేర్చుకోదగిన పాఠమున్నది. 1980 దశకంలో బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి వెలువడే గంధక వాయువు వల్ల ఈశాన్య రాష్ట్రాలలోను, కెనడాలోను ఆమ్లవర్షాలు కురిసి, సరస్సులలో చేపలు చచ్చి, అడవులు దెబ్బతిన్నాయి. 1990 నవంబరులో మొదటి జార్జి బుష్ అధ్యక్షుడు స్వచ్ఛమైన గాలి చట్టానికి సవరణలను సంతకం చేశారు. ఆ చట్టానికి రెండు పక్షాల నుంచి భారీ మద్దతు లభించింది.

దేశంలోని విద్యుత్ కేంద్రాలన్నీ కలిసి ఎంత గంధక వాయువు వదలవచ్చునో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ మొత్తాన్ని టన్నుకు ఒకటి చొప్పున అనుమతి పత్రాలుగా పంచింది. తక్కువ ఖర్చుతో తగ్గించగలిగినవారు తగ్గించి, మిగిలిన పత్రాలను అమ్ముకోవచ్చు. తగ్గించలేనివారు కొనుక్కోవాలి. పొగ గొట్టాన్ని కడిగే యంత్రం పెట్టాలా, గంధకం తక్కువగల బొగ్గు తెప్పించుకోవాలా అన్నది సంస్థ ఇష్టం. ప్రతి పెద్ద పొగగొట్టానికి నిరంతరం కొలిచే పరికరం తగిలించాలి. పత్రం లేకుండా వదిలిన ప్రతి టన్నుకు 2,000 డాలర్ల జరిమానా. 1990లో కోటిన్నర టన్నులకు పైగా ఉన్న విద్యుత్ కేంద్రాల గంధక వాయువు 2010 నాటికి సుమారు 50 లక్షల టన్నులకు తగ్గింది. రైలు రవాణా చౌకయై, వయోమింగ్ ప్రాంతపు తక్కువ గంధకపు బొగ్గు తూర్పు రాష్ట్రాలకు చేరడం ఇందుకు కొంత కారణమైన మాట నిజమే. కాని ఆ బొగ్గును తెప్పించుకునేందుకు సంస్థలకు స్వేచ్ఛ ఇచ్చినది, తెప్పించుకోక తప్పని స్థితి కల్పించినది ఆ చట్టమే. అయిన ఖర్చు పరిశ్రమలు ముందుగా భయపెట్టిన అంకె కంటె చాలా తక్కువగా తేలింది.

కొలత కొరవడితే ఏమవుతుందో 2015లో లోకానికి తెలిసివచ్చింది. ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లను వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాలలో గాక, నిజమైన రోడ్డు మీద నడిపించి కొలిచారు. కారు తనకు పరీక్ష జరుగుతున్నదని గుర్తించి అప్పటికి మాత్రమే పొగను అదుపు చేసేలా లోపల ఒక కంప్యూటర్ ఏర్పాటు ఉన్నదని ఆ తరువాత బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా అటువంటి కార్లు సుమారు కోటి పది లక్షలు. ఆ కుంభకోణం బొగ్గుపులుసు వాయువుకు సంబంధించినది కాదు, నైట్రోజన్ ఆక్సైడులకు సంబంధించినది. అయినా పాఠం ఒకటే. పరీక్ష రాసేవాడే ప్రశ్నపత్రం తయారు చేసి, తానే మార్కులు వేసుకునే విధానంలో అందరూ ఉత్తీర్ణులే అవుతారు.

నేడు అనేక సంస్థలు తమ ఉద్గారాలు ‘నికరంగా సున్నా’ అని ప్రకటిస్తున్నాయి. ఇక్కడ పొగ వదిలి, ఎక్కడో ఒక ఖండంలో చెట్లను కాపాడుతున్నామని పత్రాలు కొని రెండింటినీ చెల్లు వేస్తున్నాయి. ఆ చెట్లను నిజంగా ఎవరైనా నరకబోయారా, ఇరవై ఏళ్ళ తరువాత అవి ఉంటాయా, కార్చిచ్చుకు ఆహుతి అవుతాయా అన్నది తేల్చడం సులభం కాదు. గొట్టం నుంచి వెలువడిన బొగ్గుపులుసు వాయువులో గణనీయమైన భాగం మాత్రం వందల ఏళ్ళు గాలిలో ఉంటుంది. ఉన్న అప్పుకు, రాని బాకీకి చెల్లు వేయడం గుమాస్తాకు కూడ తగని పని.

కొలత వర్తకానికే ప్రమాణమయ్యే రోజులు వచ్చాయి. యూరోపియన్ యూనియన్ తన సరిహద్దులోకి వచ్చే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల వంటి సరుకుల తయారీలో ఎంత కర్బనం వెలువడిందో చెప్పాలని 2023 అక్టోబరు నుంచి నిబంధన పెట్టింది. 2026 జనవరి నుంచి ఆ కర్బనానికి వెల చెల్లించవలసిన దశ మొదలైంది. ధనిక దేశాలు ఈ విధంగా పేద దేశాలపై భారం మోపడం తగదని భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. ఆ అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. అయితే భారతదేశం కూడ పెద్ద కర్మాగారాలలో ఇంధన పొదుపును లెక్కగట్టి వ్యాపారం చేసే పథకాన్ని 2012లోనే ఆరంభించి, 2023లో దేశీయ కర్బన పత్రాల విపణికి నియమాలు ప్రకటించింది. లెక్క ఇంటిలోనే సరిగ్గా ఉంటే పన్ను సొమ్ము పరాయి ఖజానాకు పోవలసిన పని ఉండదు.

వాటా: భారం ఎవరి భుజాల మీద?

మూడవ లక్షణం అన్నిటికంటె క్లిష్టమైనది. 2018 నవంబరులో ఫ్రాన్సు దేశంలో ఇంధన పన్ను పెంపుదలపై పసుపు చొక్కాలు ధరించిన జనం రోడ్లెక్కారు. పారిస్‌లో భూగర్భ రైలు అందుబాటులో ఉన్నవారికి ఆ పన్ను కనబడదు. పల్లెపట్టున రోజూ యాభై కిలోమీటర్లు కారులో పనికి పోయేవారికి అది జీతంలో కోత. డిసెంబరులో ప్రభుత్వం వెనుకకు తగ్గింది. ఆస్ట్రేలియాలో 2012లో అమలైన కర్బన ధర, ప్రభుత్వం మారగానే 2014లో రద్దయింది. కెనడాలో వినియోగదారులు చెల్లించే కర్బన రుసుమును 2025 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. ఆ రుసుములో అధిక భాగాన్ని ప్రభుత్వం కుటుంబాల బ్యాంకు ఖాతాలకే తిరిగి జమ చేస్తూ వచ్చింది. కాని బంకులో చెల్లించిన సొమ్ము కనబడినంతగా ఖాతాలో పడిన సొమ్ము జనానికి కనబడలేదు.

అలాగని ఇది సాధ్యం కాని పని కాదు. స్వీడన్ 1991లో టన్నుకు 250 క్రోనర్ల కర్బన పన్ను విధించింది. అదే సంవత్సరం ఆదాయపు పన్నులు తగ్గించింది. నూనె పొయ్యిలు మానుకున్న వారికి ఊరుమ్మడి వేడినీటి గొట్టాల సదుపాయం అందుబాటులో ఉంచింది. ప్రత్యామ్నాయం చూపిన తరువాత పన్నును మెల్లగా పెంచుకుంటూ పోయి, వెయ్యి క్రోనర్లు దాటించింది. ముప్ఫై ఏళ్ళలో ఆ దేశపు ఉద్గారాలు సుమారు మూడవ వంతు తగ్గాయి. ఆర్థికవృద్ధి ఆగలేదు. ప్రభుత్వాలు ఎన్ని మారినా పన్ను నిలిచింది. గడప దగ్గర గొయ్యి తవ్వే ముందు వంతెన వేయాలన్నది అక్కడివారు గ్రహించిన నీతి.

అమెరికా ఇందుకు భిన్నమైన దారి పట్టింది. 2022లో చేసిన చట్టం హద్దులు గీయకుండా, సౌరఫలకాలకు, విద్యుత్ కార్లకు, బ్యాటరీ కర్మాగారాలకు పన్ను రాయితీలిచ్చింది. ఒక పక్షం ఓట్లతో మాత్రమే గెలిచిన ఆ చట్టంలోని అనేక రాయితీలను 2025 జూలైలో వచ్చిన చట్టం కుదించింది. విద్యుత్ కార్ల రాయితీ 2025 సెప్టెంబరుతోను, ఇంటి కప్పుపై సౌరఫలకాల రాయితీ ఆ సంవత్సరాంతంతోను ముగిశాయి. ఇరవై ఏళ్ళ మన్నికగల కర్మాగారం కట్టదలచిన వ్యాపారి రెండు, నాలుగు ఏళ్ళకొకసారి మారే నియమాన్ని నమ్ముకోలేడు. కఠినమైన చట్టం కంటె మారుతూ ఉండే చట్టం వ్యాపారానికి ఎక్కువ చేటు.

బొగ్గుపై బ్రతికేవారి సంగతి వాటాలో ముఖ్యమైన భాగం. జర్మనీ 2038 నాటికి బొగ్గు విద్యుత్తును పూర్తిగా మానుకోవాలని 2020లో చట్టం చేస్తూ, బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల వరకు సహాయాన్ని కూడ కేటాయించింది. ఈ ప్రశ్న తెలుగునాట కొత్తగూడెం, రామగుండం, బెల్లంపల్లి ఇళ్ళలో రేపో మాపో లేవక మానదు. నూరేళ్ళకు పైబడిన చరిత్రగల సింగరేణి సంస్థ సౌర విద్యుత్ కేంద్రాలు నెలకొల్పుతున్నది. రామగుండంలోని జలాశయంపై తేలియాడే 100 మెగావాట్ల సౌర కేంద్రాన్ని ఎన్.టి.పి.సి. సంస్థ 2022లో పూర్తి చేసింది. ఇవి శుభ పరిణామాలే. కాని సౌర కేంద్రానికి గనికి కావలసినంత మంది కార్మికులు అక్కరలేదు. గనిలో దిగే తండ్రి కొడుకుకు ఏ పని దొరుకుతుందో గని మూసే తేదీతో పాటే చెప్పని ప్రభుత్వం గనిని మూయజాలదు, మూసినా గెలవజాలదు.

తెలుగునేల అనుభవం

నిలకడ విలువ తెలిపే ఉదాహరణలు తెలుగునేల మీదనే ఉన్నాయి. 2010లో భారత ప్రభుత్వం జాతీయ సౌర పథకం ప్రారంభించిన తొలి వేలాలలో యూనిట్ విద్యుత్తు ధర పది రూపాయలు దాటింది. 2015లో కర్నూలు జిల్లా సౌర పార్కుకు జరిగిన వేలంలో అది 4 రూపాయల 63 పైసలకు, 2017లో కడప జిల్లా కేంద్రానికి జరిగిన వేలంలో 3 రూపాయల 15 పైసలకు దిగింది. ప్రపంచ విపణిలో ఫలకాల ధరలు పడిపోవడం ఇందుకు ప్రధాన కారణం. ప్రభుత్వమే భూమిని, విద్యుత్ తీగలను ముందుగా సమకూర్చి, ఇరవై అయిదేళ్ళ కొనుగోలుకు హామీ ఇవ్వడం కూడ కారణమే. వెయ్యి మెగావాట్ల కర్నూలు పార్కు 2017లో పూర్తి అయ్యేనాటికి ప్రపంచంలోని అతిపెద్ద సౌర పార్కులలో ఒకటి.

తరువాతి కథ వేరు. 2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. పాత సౌర, పవన విద్యుత్ ఒప్పందాలలో ధరలు అధికంగా ఉన్నాయని, డిస్కంలు ఆ నష్టం మోయలేవని కొత్త ప్రభుత్వం భావించి, వాటిని తిరగదోడడానికి సంఘాన్ని నియమించింది. డిస్కంల నష్టం కల్పితం కాదు. కాని సంతకం చేసిన ఒప్పందం చెల్లదనే భయం కలిగితే, తరువాత వచ్చే పెట్టుబడిదారు ఆ భయానికి కూడ వడ్డీ కట్టి ధర చెబుతాడు. తగాదా న్యాయస్థానానికి ఎక్కి, 2022 మార్చిలో ఉన్నత న్యాయస్థానం ఒప్పందంలోని ధరలే చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ రెండున్నర ఏళ్ళు పోయిన కాలం ఎవరికీ తిరిగి రాలేదు. ధర ఎక్కువనిపిస్తే రాబోయే వేలాల నియమాలు మార్చుకోవాలి గాని, వెనుకటి సంతకాన్ని మార్చరాదు.

మరొక ఉదాహరణ ఇంటింటా వెలిగినది. 2014లో ప్రభుత్వ సంస్థ టోకున కొన్న ఎల్.ఇ.డి. బల్బు ఖరీదు సుమారు 310 రూపాయలు. కోట్ల సంఖ్యలో ఒకేసారి కొంటామని హామీ ఇచ్చి వేలం వేయడంతో 2016 నాటికి అది 40 రూపాయల లోపుకు వచ్చింది. తయారీదారుకు పరిమాణం వల్ల లాభం, గృహిణికి కరెంటు బిల్లులో పొదుపు, డిస్కంకు సాయంకాలపు ఒత్తిడి తగ్గడం, అన్నీ ఒక్క నిర్ణయం వల్ల జరిగాయి. త్యాగం చేయమని ఎవరినీ ఉపన్యాసాలతో వేధించలేదు. అందువల్లనే ఆ పథకాన్ని రద్దు చేయమని అడిగినవారు లేరు.

ఇప్పటికే వచ్చిపడిన వేడి

రేపటి నుంచి ఉద్గారాలు ఆగినా ఇప్పటికే చేరిన వేడి పోదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలవారు. మరణించినవారిలో ఎండలో కూలికి పోయేవారు, వృద్ధులు ఎక్కువ. సగటు అమెరికన్ సంవత్సరానికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారకుడు కాగా, సగటు భారతీయుని వంతు సుమారు 2 టన్నులు. పల్నాటి మిరపకోత కూలికి ఆ 2 టన్నులలో కూడ పూర్తి వాటా లేదు. పాపంలో వాటా లేనివారికే ఫలంలో పెద్ద వాటా దక్కింది.

రక్షణ సాధ్యమేనని తెలుగుతీరమే సాక్ష్యం చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకున్నది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని నేరుగా తాకి ఆస్తులను ఛిన్నాభిన్నం చేసినా, ముందు హెచ్చరికల వల్ల, లక్షలాది జనాన్ని తరలించడం వల్ల ప్రాణనష్టం కొన్ని పదులకు పరిమితమైంది. ఈ ముప్ఫై ఏడేళ్ళలో తుపాను శక్తి తగ్గలేదు, ప్రభుత్వ యంత్రాంగం శక్తి పెరిగింది. వేడి విషయంలో కూడ అదే బాట పడింది. 2010 వేసవి మరణాల తరువాత అహమ్మదాబాదు నగరం 2013లో వడగాడ్పుల ప్రణాళిక అమలు చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించి, ప్రభుత్వ భవనాలకు, పెద్ద కట్టడాలకు ఎండను తిప్పికొట్టే పూతను తప్పనిసరి చేసింది. విధానం కాగితం మీద ఉన్నంత మాత్రాన గది చల్లబడదు. ఎన్ని కప్పులకు పూత పడిందో ఏటా లెక్క చెప్పినప్పుడే అది నిలుస్తుంది.

ప్రవాసుల పాత్ర

ప్రవాసాంధ్రులు ఈ వ్యవహారంలో ప్రేక్షకులు కారు. ఉద్గారాలు ఎక్కువగా ఉన్న దేశంలో నివాసం, వాటి ఫలితం ఎక్కువగా పడే నేలపై బంధువర్గం, రెండూ కలవారు వీరు. ఒక ఇంటిలో ఎయిర్ కండిషనర్ శీతలత్వాన్ని సరిచేసుకోవడం మంచిదే గాని సమస్య అంతటితో తీరదు. వీరిలో అనేకులు పెద్ద సంస్థలలో ఇంజనీర్లు, నిర్వాహకులు. పదవీవిరమణ నిధుల ద్వారా అందరూ ఎంతోకొంత వాటాదారులు. పౌరసత్వం పొందినవారు ఓటర్లు. స్వగ్రామాలలో పాఠశాల గదులు కట్టించే దాతలు కూడ వీరిలో ఎందరో ఉన్నారు. మే నెలలో పిల్లలు కూర్చోలేని రేకుల గదికి శిలాఫలకం వేయించడం కంటె, తెల్లని కప్పు, గాలి ఆడే కిటికీలు, పదేళ్ళ మరమ్మతు ఖర్చు కలిపి ఇచ్చిన గది ఎంతో మేలు.

ఏ సంస్థ, ఏ నాయకుడు, ఏ ప్రభుత్వం భూతాపం గురించి ప్రతిజ్ఞ చేసినా అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఎంత తగ్గిస్తారు? ఏ సంవత్సరానికి? ఎవరు కొలుస్తారు? ఎవరు భరిస్తారు? నాలుగింటికీ సూటిగా సమాధానం చెప్పిన ప్రతిజ్ఞను, అది చిన్నదైనా, బలపరచాలి. ఏ ఒక్కదానికి సమాధానం లేకపోయినా, ఎంత ఘనమైన ప్రతిజ్ఞనైనా సందేహించాలి. మాంట్రియల్ ఒప్పందం మొదట అడిగినది సంపూర్ణ నిషేధం కాదు, సగం తగ్గింపు మాత్రమే. తేదీ ఉన్నది, లెక్క ఉన్నది. పేద దేశాలకు పదేళ్ళ గడువు మొదటే ఇచ్చారు, ఆర్థిక సహాయ నిధిని 1990లో జోడించారు. ఆ నిధి ఖాయమైన తరువాతనే భారతదేశం 1992లో అందులో చేరింది. ఆ విధంగా మొదలైన పని నేటికీ ఆగలేదు.